సగం మాటలో ఊపిరి

పోయిన ఆదివారం ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్‌లో మా తెలుగు చర్చి పిల్లల చేత కీర్తన పాడిస్తున్నాను. పన్నెండేళ్ల గ్రేస్ ఒక మాటని సగంలో తుంచి, చటుక్కున ఊపిరి పీల్చుకుంది. చిన్న చప్పుడే. కీబోర్డు మీద నా వేళ్లు ఆగిపోయాయి. ఆ చప్పుడు నేను నలభై ఏళ్ల కిందట విన్నాను.

మీరెవరూ మిస్ ఎలెనార్‌ని చూసి ఉండరు. ఎనభైల మొదట్లో నేను పెళ్లయి ఈ ఊరు వచ్చినప్పుడు, మా వీధి చివరింట్లో పాట నేర్పేవారు. అరవైకి దగ్గరపడిన పొడుగాటి మనిషి. నేను మేడమ్ అనేదాన్ని. ఒకప్పుడు పెద్ద కచేరీల్లో పాడి, తల్లికి జబ్బు చేస్తే మానేశారట. ఇరవై ఏళ్ల తర్వాత ఊరి ఆర్కెస్ట్రావాళ్లు పిలిచారు. ఆవిడ ఎంచుకున్నది రెండువందల ఏళ్లనాటి ఇటాలియన్ పాట. నాటకంలోది కాదు, ఒక గాయని కచేరీలో పాడుకోవడానికని, కొలతలు తీసి జాకెట్టు కుట్టినట్టు ఆమె గొంతుకి సరిపడా కట్టింది. వదిలి వెళ్లొద్దని ప్రియుణ్ణి బతిమాలే పాట. అందులో ఒక పొడుగాటి పంక్తిని ఒకే ఊపిరిలో పాడాలి. "అదొక్కటీ దాటితే నేను మళ్లీ సింగర్‌ని" అనేవారు.

ఆవిడ దగ్గర పాఠాలకి వెళ్తూ, విని విని ఆ పాట నేనూ నేర్చేసుకున్నాను. కాకినాడలో మా సంగీతం మాస్టారి పద్ధతి ఒక్కటే: గురువు పాడింది పాడినట్టు దించేయాలి. ఎందుకని అడిగితే మొట్టికాయ.

రిహార్సల్ రోజున ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్, "ఎలెనార్, నువ్వు వెనక కూర్చుని గొంతుకీ వాద్యాలకీ బ్యాలెన్స్ ఎలా ఉందో విను. నీ స్టూడెంట్ పాడుతుంది" అన్నాడు. చీర కుచ్చిళ్లు సర్దుకుని గర్వంగా మొదలుపెట్టాను. ఆ పంక్తి దగ్గర ఆయన చెయ్యి దించి వాద్యాలు ఆపేశాడు.

"మాట మధ్యలో బ్రీత్ ఎందుకు తీసుకున్నావు?"

"మేడమ్ అక్కడే తీసుకుంటారు."

వెనకనుంచి మేడమ్ గొంతు: "నేనా?"

ఆవిడకి తెలియనే తెలియదు. ఇంటికి వెళ్లాక, పాఠాలు రికార్డు చేసుకున్న నా క్యాసెట్లు పెట్టమన్నారు. సెప్టెంబరుదాంట్లో ఆ పంక్తి తెగకుండా సాగింది. జనవరిదాంట్లో సగంలో చటుక్కున ఊపిరి. వెనక్కి తిప్పి మళ్లీ విన్నారు.

"కాస్త ఆయాసం చలికాలం వల్లే కదా అనుకున్నాను" అన్నారు, అంతే.

ఆ వారమే చూపించుకుంటే, ఊపిరితిత్తిలో గడ్డ అన్నారు డాక్టర్లు. ఇక పాడొద్దన్నారు. "నువ్వు పాడు. నా బ్రీత్ మాత్రం తీసేయి" అన్నారు మేడమ్. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన పాటని ఒక్క మాటతో లాక్కున్నానని కుళ్లి కుళ్లి ఏడ్చాను. "నువ్వు చెప్పకపోతే ఆవిడ జబ్బు బయటపడేదా? ఊరుకోవే" అన్నారు మా ఆయన. నా మనసు ఊరుకోలేదు. కచేరీలో ఆ పంక్తిని ఒకే ఊపిరిలో పాడాను. ముందు కుర్చీలో మేడమ్ నాతోపాటు పెదవులు కదుపుతూ, సరిగ్గా ఆ చోట నోరు తెరిచి గాలి పీల్చుకున్నారు.

మర్నాడే ఆపరేషన్. ఆ తర్వాత ఆరేళ్లు బతికారు, పాడలేదు గాని. "నీ కాపీయే నన్ను కాపాడింది" అని ప్రతి క్రిస్మస్‌కీ అనేవారు.

గ్రేస్‌ని పక్కకి పిలిచాను.

"అక్కడ ఊపిరి తీసుకోమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు ఆంటీ. మీరు అక్కడే తీసుకుంటారు కదా. జస్ట్ కాపీ చేశాను."

"నేనా?" అన్నాను. అదీ మేడమ్ మాటే.

సోమవారం క్లినిక్ తలుపులు తెరవగానే ఫోన్ చేశాను. నా స్కాన్ ఎల్లుండి.