కుక్కపిల్లల డాక్టరు తిమ్మప్ప గారు

డాక్టర్ తిమ్మప్ప గారు ఇక లేరన్న వార్త తెలిసే సమయానికి నేను ఎమ్మిగనూరులో ఒక కుక్కపిల్లకు సెలైన్ పెట్టే ప్రయత్నంలో ఉన్నాను. ఆయన సతీమణి సావిత్రమ్మ గారే ఫోన్ చేశారు. "మీ సారు పోయినారమ్మా. పొద్దున మొగం కడుక్కుంటా పడిపోయినారు" అన్నారు. వెంటనే బయలుదేరాలనిపించింది. కానీ వాంతులతో, నెత్తురు విరేచనాలతో ఎండిపోయిన ఆ పిల్లకు నరం దొరకడం లేదు. దొరికి, చుక్కలు సరిగా పడుతున్నాయని చూసుకున్నాకే ఆదోని బస్సెక్కాను. ఆయనైనా అదే చేసేవారని నాకు తెలుసు. అయినా ఆ ఆలస్యం దారి పొడవునా నన్ను బాధిస్తూనే ఉంది.

మా ప్రాంతంలో పశువైద్యుడంటే ఎద్దులకు, గొర్రెలకు, బర్రెలకు అనే అందరి భావన. కుక్కకు వైద్యమేమిటని నవ్వేవారు. ప్రభుత్వ ఉద్యోగం ముగిశాక తిమ్మప్ప గారు ఆదోనిలో పత్తి మండీల వెనక సందులో ఒక గది తీసుకుని కుక్కలనే చూడడం మొదలుపెట్టారు. కొత్తగా పట్టా పుచ్చుకుని నేను ఆయన దగ్గరికి వెళ్ళింది ఆ గదికే. రెండేళ్ళు అక్కడ పనిచేశాను. కళాశాలలో చదివినదానికి అర్థం అక్కడే తెలిసింది.

మొదటి వారంలోనే పత్తి మిల్లు కాపలాదారు భార్య మారెమ్మ ఒక కుక్కపిల్లను తువాలులో చుట్టుకుని వచ్చింది. పార్వో అనే నెత్తురు విరేచనాల అంటురోగం సోకిన పిల్ల. ఆ వాసన గదంతా నిండింది. "నిన్నటి నుంచి కక్కుతాంది సారూ. కడుపు సల్లబడతాదని మజ్జిగ పోసినాను, పాలు పోసినాను" అంది. నేను ఏదో అనబోతే ఆయన కంటితోనే వారించారు. "నువ్వు ప్రేమతోనే పోసినావులే తల్లీ. కక్కే కడుపుకు ఇప్పుడేం పెట్టొద్దు. నీళ్ళు నరంలో నుంచి పోనీ" అన్నారు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డను పిల్ల కాలికి చుట్టి, నరం పైకి తేలేదాకా ఓపికగా కూర్చున్నారు. మూడు దినాలు గడిస్తే గానీ ఏ మాటా చెప్పలేనని ఆమెకు ముందే చెప్పేశారు. ఆశ పెట్టి పంపడం ఆయనకు చేతకాదు. ఆ పిల్ల నాలుగో రోజు గంజి తాగింది. అలా తాగని పిల్లలు ఎన్నో ఉన్నాయి.

ఆయన ప్రతి కుక్క యజమానికీ చెప్పే కథ ఒకటుంది. ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఇంట్లో నాలుగు కుక్కపిల్లలుండేవట. జబ్బు కుక్కలను చూసి ఇంటికి వచ్చి, అవే చెప్పులతో, అవే బట్టలతో వాటి మధ్య కూర్చునేవారు. వారం తిరక్కుండానే మూడు పోయాయి. "ఆసుపత్రి నుంచి రోగాన్ని నేనే తీసకపోయినాను ఇంటికి. నా చెప్పులకు అంటుకుని వచ్చింది" అనేవారు. అందుకే గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ళ బకెట్ లేకుండా ఆయన గది నేను చూడలేదు. తన తప్పును అందరి ముందూ ఎందుకు చెప్పుకుంటారని ఒకసారి అడిగాను. "కాళ్ళు కడుక్కోండి అంటే ఎవరూ వినరమ్మా. నా పిల్లల్ని నేనే చంపుకున్నా అంటే వింటారు" అన్నారు. చెబుతూ బకెట్ వైపే చూస్తున్నారు. అన్నేళ్ళయినా ఆ మాట ఆయనకు తేలిక కాలేదు.

హొళగుంద వైపు నుంచి బీరప్ప అనే గొర్రెల కాపరి వచ్చేవాడు. ఒక వానాకాలంలో అతని కుక్కపిల్లలు రెండూ పార్వోతో ఆ గదిలోనే ప్రాణం విడిచాయి. వారంలోగా ఇంకో పిల్లను సంకలో పెట్టుకుని వచ్చాడు.

"దీన్ని మంద కాడికి తీసకపోవద్దప్పా. కుక్కలు పోయినా రోగం ఆ మట్టిలోనే ఉంటాది" అన్నారు సారు.

"కుక్క లేకుంటే మంద ఎట్లా సారూ? తోడేలు ఊరికే ఉంటాదా?"

సారు నా వైపు తిరిగారు. "మీ ఇంట్లో కుక్కలు లేవు కదమ్మా?" అన్నారు. అప్పటికి నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ వచ్చిపోతున్నాను. టీకాలన్నీ పూర్తయ్యేదాకా, దాదాపు రెండున్నర నెలలు, ఆ పిల్ల మా ఇంటి వరండాలో పెరిగింది. చెప్పులు బయటే విడిచి, కాళ్ళు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే నేను దాని దగ్గరికి వెళ్ళేదాన్ని. అది మా అమ్మ చీరలు రెండు చింపింది. టీకా వేళకు సారే స్వయంగా మా ఇంటికి వచ్చి వేసిపోయేవారు. చివరికి బీరప్ప వచ్చి దాన్ని తీసుకుపోతుంటే, "ఇప్పుడు పొమ్మను తోడేలు కాడికి" అని నవ్వారు. ఆయన నవ్వగా చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి. ఆ ఏడాది నుంచి టీకా సీసాలను మంచు నింపిన ఫ్లాస్కులో పెట్టుకుని, బస్సులో దేవరగట్టు చుట్టుపక్కల మందల దగ్గరికి తిరిగేవారు.

మొన్న వేసవిలో కలిసినప్పుడు బాగా చిక్కిపోయి కనిపించారు. విశ్రాంతి తీసుకోమన్నాను. "అలసట కుక్కలు సచ్చిపోతాండాయని కాదమ్మా. సూదులతో ఆగిపోయే రోగానికి ఏడాదికేడాది అదే మాట చెప్పీ చెప్పీ అలసిపోయినాను" అన్నారు. ఇంతలో ఎవరో పిల్లను తెచ్చారు. లేచి వెళ్ళి, అదే మాట మొదటిసారి చెబుతున్నంత శాంతంగా వాళ్ళకు చెప్పారు.

నిగర్వి, సత్యవాది, మూగజీవుల పట్ల అపార కరుణ గలవారు అని రాయడం సులువే. అవన్నీ నిజాలే. నాకు మాత్రం ఆయన, సందేహం వచ్చినప్పుడు సంకోచం లేకుండా అడగగలిగిన ఒకే ఒక్క మనిషి. ఆ గురుమూర్తికి ఈ అక్షరాలతో నమస్కరిస్తున్నాను. ఆ స్థానం నాకు శాశ్వతంగా ఖాళీ అయింది.

అంత్యక్రియలైన మూడో రోజు ఆయన గది తెరిచాను. చిప్పగిరి నుంచి ఒకామె, బుట్టలో పిల్లతో, గడప దగ్గర నిలబడి ఉంది. "పెద్ద సారు యాడికి పోయినారు?" అంది. చెప్పాను. ఆమె మెట్టు మీదే కూలబడింది. పిల్లను చూశాను. జబ్బు ఇంకా ముదరలేదు, తేరుకునేలాగే ఉంది. మందిచ్చి, పెట్టవలసినవి, పెట్టకూడనివి చెప్పాను. పోతూ పోతూ ఆమె ఆగింది.

"మా ఈదిలో ఇంకా ఆరు పిల్లలుండాయి మేడం. సారు ఈ వారంలో వచ్చి సూదులేస్తానన్యారు. ఇంగ ఎవరొస్తారు?"

నేను వస్తానన్నాను. ఆమె సరేనని బుట్ట ఎత్తుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది. తలుపు దగ్గరే నిలబడి, చిప్పగిరికి బస్సు ఎన్ని గంటలకో కూడా నాకు తెలియదని అప్పుడు గ్రహించాను.