తాటాకుతో కొలిచిన అద్దం

ఐలయ్య మొండిఘటం. కల్లు గీతకు తాటిచెట్లెక్కడం మానేసి ఆరేళ్లయినా, నడుముకు మోకు లేకపోతే ఏదో మరిచిపోయి వచ్చినవాడిలా తడుముకుంటూ తిరుగుతాడు. జగిత్యాలలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. అందరూ కొత్త తలుపు చేయించుకుంటే, ఈ మహానుభావుడు రాయికల్ నుంచి పాత తలుపును ట్రాలీలో వేయించుకొచ్చాడు.

అది నర్సింగ్ రావు గారి తాతల నాటి ఇంటిది. ఆ ఇల్లు పడగొడుతున్నారని తెలిసి చూడబోయిన ఐలయ్య, తలుపు దగ్గర నిలబడి ఇక కదలలేదు.

"ఏంది ఐలయ్యా, గట్ల చూస్తున్నవ్?"

"గిది నాకియ్యి దొరా."

"తీస్కపో. దొర అనుడు మాత్రం బంద్ చెయ్యి" అని ఆయన నవ్వాడు.

ఐలయ్యకు కావాల్సింది కర్ర కాదు. తలుపు పైన విసనకర్రలా పరిచిన రంగు అద్దాల రేకులు. నలభై ఏళ్ల కింద అతని భార్య అంజవ్వ, కొత్త కోడలిగా, అత్త వెంట కల్లు తీసుకుని ఆ ఇంటికి వెళ్లింది. పొద్దుటి ఎండ ఆ అద్దాల్లోంచి దూరి, లోపలి గచ్చు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పరిచింది. ఆ ఆకుపచ్చలో కాలు పెట్టబోతే అత్త రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. మనం గడప దాటవద్దని. అంజవ్వ ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పి నవ్వింది తప్ప, నాకది కావాలని ఏనాడూ అడగలేదు. అడగలేదు గనకే ఐలయ్యకు అంత పట్టుదల.

తీరా తలుపు దించుతుంటే పగిలింది ఆ ఆకుపచ్చ రేకే. గొళ్ళెం అంతకుముందే ఎవరో పీక్కుపోయారు. గృహప్రవేశం గురువారం.

గొళ్ళెం కోసం జగిత్యాల అంగళ్లన్నీ తిరిగాడు. అంతటా తళతళలాడే స్టీలువే. చివరికి కోరుట్లలో, పాత సామాను గుట్ట అడుగున, బొటనవేలంత లావు ఇత్తడి గొళ్ళెం దొరికింది. చింతపండు పెట్టి తోమి మురిసిపోయాడు.

అద్దం దగ్గరే కొంప మునిగింది. "టేపు పెట్టి కొలువు బాపూ" అని బిడ్డ సృజన చెబుతూనే ఉంది.

"వంపు ఉన్నదానికి టేపేం జేస్తది?" అని కసిరి, పచ్చి తాటాకు తెచ్చి, మడతలు చాపి, ఖాళీ చట్రానికి ఆనించి, గీత కత్తితో అచ్చం అదే ఆకారం కోశాడు. దాన్ని సంచిలో పెట్టుకుని మూడు రోజులు ఎండలో తిరిగాడు.

సిరిసిల్లలో దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే జలపతి దగ్గర పాత ఆకుపచ్చ అద్దం ఉంది. ఒకటే ముక్క.

"గీ ఆకు లెక్కనే కొయ్యాల్నా కాకా?"

"గట్లనే. ఎంట్రుకవాసి తేడా రావద్దు."

రాలేదు. ఆకు ఎంతుందో అంతే కోశాడు జలపతి. ఇంటికొచ్చి చట్రంలో పెడితే పక్కన వేలెడు సందు. ఆకు ఎండి మడతలు దగ్గరపడ్డాయి మరి! గుడిసె కప్పేవాళ్లకు "పచ్చి తాటికమ్మ వద్దురా, ఎండితే సందులు పడతయ్" అని జీవితమంతా చెప్పిన మనిషి. సృజన పెదవి కొరుక్కుంది. ఐలయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. చేసేదేం లేక వడ్రంగి ఆ సందులో తెల్ల అద్దం ముక్క బిగించాడు.

గురువారం పొద్దున పూజ అయ్యాక అంజవ్వ కుడికాలు లోపల పెట్టింది. ఐలయ్య మాత్రం బయటే ఆగిపోయాడు. గచ్చు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పడ్డాయి. ఆకుపచ్చ పక్కన సన్నగా తెల్లటి ఎండ.

"తప్పయింది అంజవ్వా. నీ పచ్చదాన్ని చిన్నగ జేసిన."

అంజవ్వ ఆకుపచ్చలో రెండు పాదాలూ పెట్టుకుని కాసేపు కిందికే చూసింది. కళ్లు తుడుచుకుంది.

"గా తెల్లది నీ తాటాకు జేసింది. గిది ఆ ఇంట్ల లేకుండె" అని, గడప అవతల తలొంచుకు నిలబడ్డ మొగుడి రెక్క పట్టుకుని లోపలికి లాగింది.