నర్సయ్య చెప్పని ఆరో భాగం

2008 అక్టోబరులో కంపెనీ నన్ను మస్కట్‌లోని ఖురం హెడ్డాఫీసు నుంచి సహం సైటుకు సేఫ్టీ ఆఫీసరుగా వేసింది. అప్పటికి ఒమాన్‌లో నాకది ఆరో ఏడు. సహంలో మేము కడుతున్నది ఒక పెద్ద గిడ్డంగి. సైటులో హోదాల వరస ఇలా ఉండేది: పైన ప్రాజెక్టు మేనేజరు, ఆయన కింద సైటు ఇంజనీరు, ఆ కింద ఫోర్‌మన్లు, మేస్త్రీలు, అందరికంటే కింద హెల్పర్లు. సేఫ్టీ ఆఫీసరు ఈ వరసలో ఎక్కడా ఉండడు. పక్కన నిలబడి ఎవరి పనైనా ఆపించగలడు, అందుకే ఎవరికీ కిట్టడు. నాకు కోపం ఎక్కువ, హాస్యం తక్కువ అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ ఉద్యోగానికి ఆ రెండూ అర్హతలేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి.

ఇది ఒక పాత టీవీ హాస్య సీరియల్ రెండో విడత సంగతి. ఆ విడత ఏ ఛానెల్లోనూ రాలేదు. మా సైటులో అయిదు భాగాలు నడిచింది, ఆరోది నేను ఆపించాను. దాని మూలంగా ఒక మనిషి నడక పోయింది. ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్లు నన్ను మంచివాడనుకుని మొదలుపెట్టకూడదు.

క్యాంపు మెస్ హాల్లో ఒక టీవీ ఉండేది. శుక్రవారం సెలవు. భోజనాలయ్యాక ఒక ఛానెల్ 'నాలుగు వాటాలు' అనే పాత సీరియల్‌ని మళ్లీ వేసేది. ఒక ఇల్లు, నాలుగు వాటాలు, వాటాకో కుటుంబం, అందరికీ కలిపి ఒకటే కుళాయి. ఇంటి ఓనరు పరమేశం పరమ పిసినారి. కప్పు కారుతోందని చెబితే గొడుగు అద్దెకిస్తాననే రకం. మావాళ్లు పడీ పడీ నవ్వేవారు. నవ్వరూ మరి? క్యాంపులో రూముకి ఎనిమిది మంది, బ్లాకంతటికీ ఒకటే నీళ్ల తొట్టి. నవంబరులో ఒక శుక్రవారం పరమేశం ఇల్లు అమ్మేశాడు. అద్దెకున్నవాళ్లు సామాన్లు తోపుడుబండ్ల మీదికెక్కించి వీధిలో నిలబడ్డారు. తెర మీద 'సశేషం' అని పడింది. పై వారం ఆ వేళకి వంటల కార్యక్రమం వచ్చింది. ఆ సీరియల్‌ని తీసిన రోజుల్లోనే అక్కడితో ఆపేశారని, ఆ తర్వాతి భాగాలు ఎవరూ తీయనే లేదని ఎవరో ఇంటికి ఫోను చేసి కనుక్కున్నారు.

మెస్ హాల్లో ఒకటే గోల. "ఏందిరా గిది? గా మనుషులు గట్లనే రోడ్డు మీద నిలవడుతరా?" అని అరిచాడు గంగారాం. అతను ప్లాస్టరింగ్ మేస్త్రీ, ఊరు నిజామాబాదు వైపు. అతను నవ్వితే రేకుల కప్పు అదిరేది. అతని రూమ్మేటు నర్సయ్య షట్టరింగ్ కార్పెంటరు, అంటే కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టేవాడు, జగిత్యాల దగ్గరి మనిషి. బక్కగా ఉంటాడు, నిదానంగా మాట్లాడతాడు. "ఎందుకు నిలవడుతర్రా? పరమేశం ఇల్లమ్మి వీసా తీసుకొని మస్కట్ వచ్చిండు. ఎనకనే నలుగురు కిరాయిదార్లు గూడ వచ్చిన్రు. ఈడ గూడ అందరికి కలిపి ఒక్కటే రూమ్, ఒక్కటే నల్లా" అన్నాడు. రెండో విడత అలా మొదలైంది.

టూల్‌బాక్స్ టాక్ అని ఒకటి ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు అందరినీ ఒకచోట చేర్చి, ఏ పనిలో ఏ ప్రమాదముందో చెప్పే పది నిమిషాలు. మేము వారానికోసారి, శనివారం పొద్దున పెట్టేవాళ్లం. నేను ఇంగ్లీషు కాగితం చూసి హిందీలో చెప్పేవాణ్ణి. నాది తెనాలి హిందీ. వాళ్లు నిలబడే కునికేవారు. చివర్లో అందరి సంతకాలూ తీసుకుని ఫైలు చేసేవాణ్ణి. ఫైలు మాత్రం దివ్యంగా ఉండేది.

ఒక శనివారం నేను వెళ్లేసరికి బస్సులు దిగిన తెలుగువాళ్లంతా అప్పటికే నేల మీద కూర్చున్నారు. మధ్యలో నర్సయ్య రెండో భాగం చెబుతున్నాడు. బకెట్టు కొనడానికి మనసొప్పక పరమేశం హెల్మెట్టు పట్టుకుని నల్లా దగ్గర వరసలో నిలబడ్డాడు. నాకు మొదట ఒళ్లు మండింది. తర్వాత బుర్ర పనిచేసింది. ఇక నుంచి మొదటి అయిదు నిమిషాలు నీవి, కానీ నేనిచ్చిన విషయం ఒకటి కథలో పెట్టాలి, హెల్మెట్ పట్టీ గురించి పెట్టగలవా అని అడిగాను.

"పెడ్త సార్. గని నవ్వొస్తెనే పెడ్త" అన్నాడు.

పెట్టాడు. పట్టీ అరిగిపోతుందని పరమేశం దాన్ని బిగించుకోలేదు. గాలికి హెల్మెట్టు ఎగిరి సముద్రం దారి పట్టింది, ఆయన దాని వెనక పక్క ఊరు సువైక్ దాకా పరుగెత్తాడు. ఆ రోజు నేను విజిల్ వేయకుండానే సైటంతా పట్టీలు బిగించుకుంది. నాలుగో భాగం మంచినీళ్ల గురించి. నెల రిపోర్టులో నేను దీన్ని 'సేఫ్టీ ఆఫీసరు ప్రవేశపెట్టిన కొత్త పద్ధతి' అని రాశాను. నర్సయ్య పేరు రాయలేదు. ఖురం నుంచి మెప్పుదల వచ్చింది. నేను ఉబ్బిపోయాను.

ఇక్కడ ఇంకో రెండు సంగతులు చెప్పాలి. మొదటిది పరంజా ట్యాగు. ప్రతి పరంజా నిచ్చెన దగ్గర 'ఎక్కరాదు' అని రాసిన ఎర్ర బోర్డు వేలాడుతుంది. పరంజా ఇన్‌స్పెక్టరు బిగింపులన్నీ ఒక్కొక్కటే పరీక్షించి, తేదీ వేసి, సంతకం పెట్టిన పచ్చ కార్డు దానిమీద దోపాకే మనుషులు ఎక్కాలి. మా ఇన్‌స్పెక్టరు సువైక్ సైటుకీ మాకూ కలిపి ఒక్కడే, వారానికి రెండుసార్లు వచ్చేవాడు. రోజూ పొద్దున తిరిగి ట్యాగులన్నీ చూడటం నా డ్యూటీ. రెండోది గేటు దగ్గరి పసుపుపచ్చ పెట్టె. ప్రమాదం జరగబోయి తప్పినా, జరిగేలా కనిపించినా కార్డు రాసి అందులో వేయాలి. కార్డు ఇంగ్లీషులో, హిందీలో ఉండేది. నర్సయ్యలాంటివాళ్లకి తెలుగు తప్ప రాయడం రాదు. రాసిపెట్టమని ఇంకొకణ్ణి అడిగితే సాయంత్రానికల్లా ఎవరు రాయించారో ఫోర్‌మన్‌కి తెలిసిపోతుంది. ఫోర్‌మన్ సంతకం లేనిదే లీవు కాగితం కదలదు. గంగారాం ఇల్లు చూసి అప్పటికి రెండున్నరేళ్లు. అతని లీవు కాగితం పరంజాలూ ప్లాస్టరింగూ చూసే ఫోర్‌మన్ సొరుగులోనే ఉంది. నేను వారంవారం పెట్టె తెరిచి, ఖాళీగా ఉంటే ప్రమాదాలు లేవని రాసుకునేవాణ్ణి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఉండేది నా వ్యవహారం.

జనవరిలో అయిదో భాగం. ఆ శనివారం ప్రాజెక్టు మేనేజరు కూడా వచ్చి నిలబడ్డాడు. ఆయనకు తెలుగు రాదు. నేనిచ్చిన విషయం చేతి తొడుగులు. నర్సయ్య తొడుగుల్ని ఒక్క ముక్కలో తేల్చేసి మరో కథ ఎత్తుకున్నాడు.

పరమేశం రూమ్ ముందు మెట్లు పుచ్చిపోయాయి. బాగుచేసే మేస్త్రీ పక్క ఊళ్లో ఉంటాడు, వారానికి రెండుసార్లే వస్తాడు. అందుకని పరమేశం పది అట్టల మీద 'మెట్లు మంచిగున్నయి' అని రాసి, మేస్త్రీ చేత ఒకేసారి సంతకాలు పెట్టించి, దిండు కింద దాచుకుని, రోజుకొకటి తీసి మెట్ల దగ్గర తగిలించాడు. "మేస్త్రి ఆ ఊర్లె ఉన్నడు, సంతకం మాత్రం ఈడ్నే దిండు కింద పండుకున్నది" అన్నాడు నర్సయ్య. జనం ఘొల్లుమన్నారు. అప్పుడు ఒక కొత్త పాత్ర వచ్చింది, రూల్స్ సారు. మెడలో విజిల్, చంకలో నోటుబుక్కు. నర్సయ్య చేతులు వెనక్కి కట్టుకుని, పొట్ట కాస్త ముందుకు పెట్టి, అట్ట దగ్గర ఆగి, చదివి, తలూపి, నోటుబుక్కులో టిక్కు కొట్టి వెళ్లిపోయాడు. మెట్టు వైపు చూడనే లేదు. అచ్చం నా నడకే. మూడు వందల కళ్లు నా మీదికి తిరిగాయి. అందరికంటే గట్టిగా నవ్వింది గంగారామే. మేనేజరు నా చెవిలో, ఎందుకు నవ్వుతున్నారని అడిగాడు. ఏదో జోకు అన్నాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాను నేను. అతను చెప్పింది దొంగ గురించి, నేను చూసుకున్నది నా భుజాల్ని. పది గంటలకల్లా నోటీసు టైపు చేయించాను: టూల్‌బాక్స్ టాక్‌లో అధీకృత అధికారి తప్ప ఇతరులు మాట్లాడరాదు.

టీ టైములో నర్సయ్య నా క్యాబిన్‌కి వచ్చాడు. అప్పుడే పరంజా ఫోర్‌మన్ పని మొదలుపెట్టడానికి కావలసిన పర్మిట్ కాగితం మీద నా సంతకం కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నర్సయ్య హెల్మెట్టు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కథ బంద్ పెట్టుమంటె పెడ్త సార్. గని గా మెట్లు ఒక్కసారి సూడుండ్రి."

"ఏ మెట్లు?"

అతను ఫోర్‌మన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కథల మెట్లే సార్" అన్నాడు.

"కథలో మెట్లు నేను చూసేదేమిటయ్యా? వేషాలు చాలు, వెళ్లి పని చూసుకో" అన్నాను. వెళ్లిపోయాడు. నేను పర్మిట్ మీద సంతకం పెట్టాను. ఆ చూపు నాకు ఆ క్షణంలోనే వింతగా తోచింది. తోచినా అడగలేదు. ఫోర్‌మన్‌ని పంపించేసి అతన్ని వెనక్కి పిలవడానికి అర నిమిషం చాలు. నా పరువు పోయిందన్న ఉక్రోషంలో ఆ అర నిమిషం ఖర్చు పెట్టలేదు.

బుధవారం పొద్దున తొమ్మిదికి పడమటి గోడ మీద గంగారాం కాళ్ల కింద నుంచి పరంజా పలక జారిపోయింది. పలకను మోసే అడ్డగొట్టం ఒకటి అసలు బిగించనే లేదు. రెండంతస్తుల పైనుంచి పడ్డాడు. నేను పరుగెత్తి వెళ్లేసరికి నర్సయ్య అతని తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. నిచ్చెన దగ్గర పచ్చ కార్డు వేలాడుతోంది. దానిమీద తేదీ ఆ రోజుదే. ఇన్‌స్పెక్టరు ఆ రోజు సువైక్‌లో ఉన్నాడు.

తుంటి ఎముక నుజ్జయింది, నడుము నరం దెబ్బతింది. ఆపరేషన్ చేశారు. కుడి కాలికి కదలిక తిరిగి రాలేదు. ఫోర్‌మన్ సొరుగులో, ఇన్‌స్పెక్టరు ముందే సంతకం పెట్టి ఇచ్చిన, తేదీ వేయని పచ్చ కార్డుల కట్ట దొరికింది. దాని కిందే గంగారాం లీవు కాగితం, సంతకం లేకుండా. మూడు వారాల తర్వాత గంగారాం ఇంటికి వెళ్లాడు, స్ట్రెచర్ మీద.

విచారణ రిపోర్టు రాయాల్సింది నేనే. సాక్షిగా నర్సయ్యని పిలిచి, ప్రమాదం సంగతి ముందుగా ఎవరికైనా చెప్పావా అని ఫారంలో ఉన్న ప్రశ్న అడిగాను. "చెప్పిన గద సార్" అన్నాడు. కోపంగా అనలేదు, గుర్తుచేస్తున్నట్టు అన్నాడు. నేను 'కార్మికుల నుంచి ముందస్తు సమాచారం అందలేదు' అని రాశాను. అతను ఇంగ్లీషు చదవలేడని తెలిసే రాశాను. నేను చూపించిన చోట సంతకం పెట్టాడు. ఫోర్‌మన్‌ని పంపేశారు, ఇన్‌స్పెక్టరుకి హెచ్చరిక ఇచ్చారు. నాకు ఒక మెమో కూడా రాలేదు. సిగ్గుపడాల్సిన మనిషిని నేను, నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఒక శుక్రవారం మధ్యాహ్నం మెస్ హాల్‌కి వెళ్లాను. టీవీలో వంటల కార్యక్రమం నడుస్తోంది, ఎవరూ చూడటం లేదు. నర్సయ్య పక్కన కూర్చుని, నోటీసు తీసేశానని, మళ్లీ కథ మొదలుపెట్టమని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "ఖలాస్ సార్. నవ్వెటోడు పాయె" అన్నాడు.

లేచి రాబోతూ, ఉండబట్టలేక, ఆరో భాగంలో ఏం పెడదామనుకున్నావని అడిగాను.

"ఏమున్నది సార్? రూల్స్ సారు పోతపోత మల్ల ఎనకకు వస్తడు. అట్ట తీసి పక్కకు పెట్టి, కాలుతోని మెట్టు దంచి సూస్తడు. ఇరుగుతది. అందర్ని కిందికి దిగుమంటడు. ఎవ్వలు పడరు. పరమేశం ఒక్కడే పడ్తడు, నల్లా కాడి బురదల" అన్నాడు. చెప్పేటప్పుడు అతని ముఖంలో చిన్న నవ్వు కూడా వచ్చింది. "సారు మంచోడే సార్, కథల" అన్నాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు ఇదే ఉద్యోగం చేశాను, మరో మూడు సైట్లలో. ప్రతిచోటా కార్డులు తెలుగులో కూడా అచ్చు వేయించాను. ట్యాగు చదవడానికి ముందు పలక మీద కాలు మోపి చూశాను. పనివాళ్లు దేనికి నవ్వుతున్నారో రోజువారీ రిజిస్టరులో ఒక వరసలో రాసుకుని, ఆ పూటే వెళ్లి ఆ చోటు చూసేవాణ్ణి. సైటులో మొదటి రిపోర్టు పెట్టెలో పడదు, నవ్వులో వస్తుంది. అందులో మనమీద ఎగతాళి ఉంటే ఉండనివ్వాలి. సహం రిపోర్టులోని ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం నేను ఎప్పుడూ దిద్దించలేదు. అది ఇప్పటికీ ఫైల్లో అలాగే ఉండి ఉంటుంది, కింద నర్సయ్య సంతకంతో.