నాకు రాని భాషలో పాట

పెళ్లయిన కొత్తలో అబిడ్స్‌లో సినిమా చూసి నాంపల్లిలోని ఇంటికి నడిచి వస్తూ మావారు ఒక పాత ఉర్దూ ప్రేమపాట పాడేవారు. మాది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. నాకు ఉర్దూ బజార్లో బేరమాడేంత వరకే వచ్చు. అర్థం అడిగితే, "నువ్వొచ్చినంకనే నా ఇంట్ల పొద్దు పొడిచింది అంటున్నడు" అని చెప్పారు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లూ కాపురం చేశాను. అత్తగారు ఎన్ని అన్నా, ఈయన రోజుల తరబడి ముభావంగా ఉన్నా, ఆ పాట కూనిరాగం తీస్తే చాలు, అన్నీ మరిచిపోయేదాన్ని.

మొన్న చలికాలంలో నాంపల్లిలోనే ఒక హోటల్ హాల్లో ఆయన రిటైర్మెంట్ ఫంక్షన్ జరిగింది. తోటి ఉద్యోగులు పట్టుబడితే ఆ పాటే పాడారు. నా పక్కన, నేను పిలిస్తే వచ్చిన, నేను పనిచేసే బడిలోని ఉర్దూ టీచర్ కూర్చుని ఉంది. నేను గొప్పగా ఆమె చెవిలో అర్థం చెప్పాను.

ఆమె వింతగా చూసింది. "గట్ల ఎవరు చెప్పిన్రక్కా?"

"ఆయనే."

"గా మాట ఈ పాటల లేదు. నువ్వు వేరేటోళ్ల ఇంటికి పోయినవ్, ఇంకెవరొచ్చినా నా ఇల్లు ఖాళీనే, అంటున్నడు." అంతలో నా ముఖం చూసి, "ఏమో, నేనే సరిగ్గ వినలేదేమో" అని సర్దబోయింది.

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

ఇంటికొచ్చి ఆయన పూలదండలు తీసి పెడుతుండగా అడిగాను. "ఆ పాట ఎవరి గురించండీ?"

ఆయన బుకాయించలేదు. "సుల్తాన్ బజార్ల మా పాత ఇంటి పక్కన ఒక పిల్ల ఉండె. పెండ్లి చేసుకొని పోయింది. మన పెండ్లికి ముందు ముచ్చట."

"మరి నాకెందుకు పాడారు?"

"నీకు ఉర్దూ రాదు గద." చేతిలోని దండ బల్ల మీద పెట్టి, "గని ఆ అర్థం నీ కోసమే చెప్పిన. అది అబద్ధం కాదు" అన్నారు.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. పెళ్లికి ముందు ఎవరి మనసులో ఎవరుంటే నాకేం? కానీ నా చెయ్యి పట్టుకుని, నా ముఖంలోకి చూస్తూ, నాకు తెలియని భాషలో ఆమెను పిలుచుకున్నారు. నేను సిగ్గుపడితే చూసి నవ్వారు. ఆ నవ్వు దేనికో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

ఆ తర్వాత ఆయన పాడటం మానేశారు. ఒక రోజు పొద్దున కాఫీ తాగుతూ, "వేరే పాట నేర్చుకుంట. తెలుగుల" అన్నారు, బతిమాలుతున్నట్టు.

"వద్దండీ," అన్నాను. "అర్థమైనా నమ్మలేను."

ఆయన గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయారు. నేను బడికి తయారయ్యాను.