అల్మారాల కోటయ్య పడవ

కోటయ్యకు లోకంలో నచ్చినవాడంటూ ఒక్కడూ లేడు. ప్లైవుడ్డు కనిపెట్టినవాడు నచ్చడు, దాన్ని కొనేవాడు నచ్చడు, ఆ ప్లైవుడ్డు మీద టేకు చారల కాగితం అంటించుకుని చేత్తో నిమురుతూ మురిసిపోయే నోయిడా జనం అసలే నచ్చరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ జనానికే అల్మారాలూ, వంటింటి అరలూ, టీవీ వెనక పలకలూ బిగించి బతుకుతున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. ఆ ఫ్లాట్లకు వాసాలెక్కడివి? అందుకని కోటయ్య ఆ ఇళ్ళవాళ్ళ బుద్ధులు లెక్కపెట్టేవాడు.

ఏ ఇంట్లో అడుగుపెట్టినా టేపు తీసేముందు ఒక మాట అనందే అతనికి పొద్దుపోదు. "నేను పడవ వడ్రంగినండి. తాళ్ళరేవు మాది. గతిలేక ఈ అట్టపెట్టెలు చేస్తన్నాను, ఆయ్."

తాళ్ళరేవు అతని ఊరన్నది నిజమే. తండ్రి సముద్రానికి పోయే నావలు కట్టినవాడన్నదీ నిజమే. ఫైబరు పడవలు వచ్చి ఆ పనిని మింగేస్తే పంతొమ్మిదో ఏట ఒక మేస్త్రీ వెంట ఢిల్లీ రైలెక్కాడు. ఇక్కడే కొలతలు నేర్చుకున్నాడు, ఇక్కడే హిందీ నేర్చుకున్నాడు, త్రిలోక్‌పురిలో ఒక గదిలో సత్యవతితో కాపురం పెట్టాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. రెండు పలకలు కలిపాడంటే మధ్యలో వెంట్రుక దూరదు. "ఏక్ సూత్ కా భీ గ్యాప్ నహీ" అని గొప్పగా చెప్పుకునేవాడు. సూత్ అంటే ఢిల్లీ వడ్రంగుల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు.

అతను చెప్పనిది ఒకటుంది. నావల దగ్గర అతను చేసిందల్లా పలకలు మోయడం, బెజ్జాలు వేయడం, మేకులు అందించడం. పలక బిగించే పని తండ్రి ఒక్కరోజు కూడా అతని చేతికివ్వలేదు. కానీ ఢిల్లీలో ఆ సంగతి ఎవరికి తెలుసు? ఏడాదికేడాది అతను కట్టిన నావల సంఖ్య పెరుగుతూనే వచ్చింది. చివరికి ఆ మాట అతనే నమ్మాడు.

అలాంటివాడికి శివరామకృష్ణ తగిలాడు.

శివరామకృష్ణది విజయవాడ. ఏదో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరై, పద్నాలుగో అంతస్తులో ఏమీ తోచక కూర్చున్నాడు. కోటయ్య ఆయనింట్లో చెప్పుల అర బిగిస్తూ అలవాటు ప్రకారం తన మాట అన్నాడు. పెద్దాయన ముఖం వెలిగిపోయింది.

"నేనొక పడవ కట్టుకోవాలనుకుంటున్నాను కోటయ్య గారూ. కొనడం కాదు. నా చేతులతో, మొదటి మేకు నుంచీ నేనే. మీరు పక్కనుండి చూపిస్తే చాలు."

కోటయ్య ఆ చేతుల వైపు చూశాడు. కీబోర్డు మీటలు తప్ప ఏమీ ఎరగని చేతులు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట, అనుకున్నాడు. పైకి మాత్రం, "దానికేముందండీ, కడదాం. మన చేతిలో పనే కదండీ," అన్నాడు. ఆ 'గారూ' అన్న పిలుపు కూడా అతనికి ఒళ్ళుమంటే. తిట్టే యజమాని అయితే తిట్టుకోవడానికి సుఖంగా ఉంటుంది.

యమున పక్కన, మయూర్ విహార్ దగ్గర పూలమొక్కల నర్సరీలో ఒక రేకుల షెడ్డు దొరికింది. మార్చిలో పని మొదలైంది. ప్లైవుడ్డుతో కడదామన్నాడు శివరామకృష్ణ. ఛీ అన్నాడు కోటయ్య. కీర్తినగర్ కలప బజారుకి వెళ్ళి సాల్ చెక్క దగ్గరుండి కోయించుకొచ్చాడు.

శివరామకృష్ణ పనికి వచ్చే తీరు చూడాలి. మోకాళ్ళకు మెత్తలు, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు, పదహారు జేబుల గుడ్డ ఒకటి నడుముకి. ఒక్కో మేకు కొట్టి ఫోటో తీసి తమ ఫ్లాట్ల సొసైటీ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. మేకు వంకర పోయిన ఫోటో కూడా పెట్టి, 'నేర్చుకుంటున్నాను' అని రాసేవాడు. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి అనుకునేవాడు కోటయ్య. పగలంతా ఆయన పడవ కట్టేవాడు. ఆయన కారెక్కాక, ఆ కట్టిందంతా విప్పి కోటయ్య కట్టేవాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ఇవే కబుర్లు. ఆయన సుత్తి పట్టుకోవడం, ఆయన బొటనవేలు వాయడం. సత్యవతి కొన్నాళ్ళు నవ్వింది. ఒకరోజు నవ్వలేదు.

"ఆయన్ని అంటావు గానీ, పెళ్ళయిన కాణ్ణించీ నువ్వు నోటితోనే పడవలు కడతన్నావు. ఒక్కటైనా నా కళ్ళతో చూసానా? ఇది తేలనీ. అప్పుడు ఒప్పుకుంటాను నువ్వు పడవ వడ్రంగివని."

కోటయ్య కంచం పక్కకు నెట్టి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి అది శివరామకృష్ణ సరదా పడవ కాకుండా పోయింది. తేలితే తాను ఇన్నాళ్ళూ చెప్పుకున్నదంతా నిజం. మునిగితే తాను ఉత్త అల్మారాల కోటయ్య. మధ్యలో ఇంకో దారి లేదు, ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

మే నెలలో పలకలు ఎక్కించే పని వచ్చింది. వడగాలికి చెక్క అప్పడంలా ఎండి ఉంది. శివరామకృష్ణ ఇంటర్నెట్లోంచి తీయించిన డ్రాయింగు కాగితం పరచుకుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని అన్నాడు.

"కోటయ్య గారూ, ఇందులో ప్రతి రెండు పలకల మధ్యా బయటివైపు త్రీ ఎంఎం గ్యాప్ వదలమని రాశాడే?"

"గ్యాపాండీ? పడవకాండీ?" కోటయ్య చేతిలో చిత్రిక కింద పెట్టేశాడు. "నీళ్ళు లోపలికి రావడానికి తలుపు కూడా పెట్టమన్నాడేంటండీ మీ డ్రాయింగోడు?"

"ఆ సందులో దూది ఏదో కూరాలట..."

"దూదెందుకండీ, పరుపే పరిచేద్దాం. ముప్పై ఏళ్ళుగా సూత్ సందు లేకుండా బిగిస్తన్నానండీ నేను. కాగితం చూసి నేర్చుకోవాలంటారా ఇప్పుడు?"

శివరామకృష్ణ కాగితాన్ని ఇంకోసారి చూశాడు, కోటయ్య ముఖం చూశాడు. "మీరు చూసినన్ని పడవలు నేను చూడలేదు. మీ ఇష్టం," అని నవ్వి మడిచేశాడు. అంత తేలిగ్గా లొంగిపోయినందుకు కూడా కోటయ్యకు ఆయన మీద చులకనే కలిగింది. ఆ పూట ఇంటికెళ్ళి, పడవకు తలుపు పెట్టమన్న పెద్దమనిషి కథ సత్యవతికి రెండుసార్లు చెప్పి రెండుసార్లూ తానే పగలబడి నవ్వాడు.

పలకలు బిగించాడు. అబద్ధం చెప్పకూడదు, చూడముచ్చటగా బిగించాడు. అద్దం పట్టుకుని వెతికినా అతుకు కనబడలేదు. పైన పుట్టీ, ఆ పైన రంగు. నర్సరీకి మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఆగి చూసేవారు.

తర్వాత సామాను అమర్చే ఘట్టం. వానాకాలమంతా దానికే సరిపోయింది. కూర్చునే బల్లలు, తెడ్లు, చుక్కాని, లంగరు తాడుకి ఇనప కడియం, ఇవి కోటయ్య చేశాడు. నీలం పువ్వుల దిళ్ళు, కప్పు పెట్టుకునే గూళ్ళు, అంచు పొడుగునా రంగురంగుల లైట్లు, ఫోను ఛార్జింగు పెట్టుకునే ప్లగ్గు, ముక్కు మీద ఇత్తడి గంట, ఇవి శివరామకృష్ణ తెచ్చాడు. పడవా ఇది, పెళ్ళి మంటపమా, అని కోటయ్య పళ్ళు కొరికాడు. కానీ గూళ్ళు మాత్రం సూత్ తేడా లేకుండా దిగగొట్టాడు. పాపం, ఆ పని అతనికి వచ్చు.

సెప్టెంబరులో యమున కాస్త నిండుగా, ఉన్నంతలో శుభ్రంగా ఉంది. శనివారం మధ్యాహ్నం పడవను ఛోటా హాథీ బండి మీదకెక్కించి రేవుకి తెచ్చారు. అక్కడ పడవ నడుపుకునే రాంభరోసే అనే ముసలాయన తన గుంజకు కట్టుకోనిచ్చాడు. కొత్త పడవ ఒక రాత్రి నీళ్ళు తాగాలి, రేపు నడపండి, అన్నాడు.

నీళ్ళలోకి దించారు. పడవ ఒకసారి అటూ ఇటూ ఊగి, నిలబడింది. కోటయ్య లోపలికి దిగి, మధ్యలో నిలబడి, వంగి అడుగుపలక తడిమాడు. చుక్క లేదు. పొడి. కోటయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి ఎవరూ చూడకుండా ముఖం తిప్పుకుని అరిచాడు.

"చూసారాండీ! మీ గ్యాపులెట్టుంటే ఈపాటికి చేపలు లోపలుండేయి!"

శివరామకృష్ణ ఆ మాటకు కూడా నొచ్చుకోలేదు. కోటయ్య రెండు చేతులూ పట్టుకుని, "మీరు లేకపోతే ఇది నా వల్ల అయ్యేది కాదు," అన్నాడు. ఇప్పటికి తెలిసిందా, అనుకున్నాడు కోటయ్య. ఇంటికెళ్ళి సత్యవతితో, "రేపు మంచి చీర కట్టుకో," అని మాత్రం అన్నాడు. ఆమె పెట్టె అడుగు నుంచి వంకాయరంగు పట్టుచీర తీసి దులిపి పెట్టుకుంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి శివరామకృష్ణతో పాటు సొసైటీ తెలుగువాళ్ళు మూడు కార్లలో, కోటయ్యా సత్యవతీ ఆటోలో దిగారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, ఫ్లాస్కు నిండా కాఫీ. పన్నెండో అంతస్తు ఇంద్రజ ఫోను పైకెత్తి వీడియో తీస్తూనే గట్టు దిగింది, దిగుతూనే ఆగిపోయింది.

గుంజ దగ్గర నీళ్ళ మీద నీలం దిళ్ళు తేలుతున్నాయి. వాటి మధ్య ఇత్తడి గంట ఒక్కటి బయటికి కనబడుతోంది. మిగతా పడవంతా నీళ్ళ కింద ఉంది.

రాంభరోసే, ఇంకో ఇద్దరూ కలిసి తాళ్ళు వేసి దాన్ని బురదలోకి లాగారు. పొట్ట ఉబ్బిపోయి ఉంది. నీళ్ళు తాగి లావెక్కిన పలకలకు జరగడానికి చోటు లేక, ఒకదాన్నొకటి నెట్టుకుని, మేకులు పీక్కుని బయటికి లేచాయి. ముసలాయన ఒక అతుకు మీద వేలు పెట్టి పొడుగునా రాసి, కోటయ్య వైపు చూశాడు.

"ఏక్ సూత్ భీ నహీ ఛోడా, ఉస్తాద్? లకడీ ఫూలేగీ తో జాయేగీ కహా?"

ఒక్క సూతైనా వదల్లేదా, చెక్క ఉబ్బితే ఎక్కడికి పోతుంది. ఆ మాటతో పాటు కోటయ్య చెవిలో తండ్రి కేక వినబడింది. "నూలు! నూలు వదలండ్రా!" పలక ఎక్కించినప్పుడల్లా ఆయన అలా అరిచేవాడు. అప్పట్లో చివరాఖర్న సందులు పూడ్చడానికి వేరే మనుషులు దూదీ గుగ్గిలమూ పట్టుకుని వచ్చేవారు. వాళ్ళు కూరే నూలు కోసం నాన్న కేకేస్తున్నాడని, నూలంటే దారమని, కోటయ్య అనుకున్నాడు. అది వడ్రంగుల కొలత అని ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. ఢిల్లీ వచ్చి సూత్ నేర్చుకున్నాడు. సూతన్నా దారమే. నూలన్నా, సూతన్నా, ఆ కాగితంలో మూడు మిల్లీమీటర్లన్నా ఒకటే సందు. మూడు భాషల్లో ముగ్గురు చెప్పారు, తనకే ఎక్కలేదు.

వచ్చినవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు శివరామకృష్ణ ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుంటూ అందరికీ వినబడేలా చెప్పాడు.

"తప్పు నాదేనండీ. సందు వదలాలని కోటయ్య గారు మొత్తుకున్నారు. నేనే వినలేదు. ఫినిషింగ్ బాగుండాలని పట్టుబట్టాను."

"ఎక్సెల్ షీటు కాదు కదా సార్ ఇది!" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి నీళ్ళలోకి దిగి దిళ్ళు ఏరుకోసాగాడు.

ఆరు నెలలుగా ఆ మనిషి నలుగురిలో నవ్వులపాలైతే చూడాలని కోటయ్య కోరుకున్నాడు. ఇదిగో, అయ్యాడు. కోటయ్య నోరు తెరిచాడు. 'కాదండీ, బిగించింది నేను, వద్దన్నది నేను' అని నాలుక చివరి దాకా వచ్చింది. అంటే పోయేదేముంది, ఒక అబద్ధం పోతుంది. కానీ ఆ అబద్ధం తప్ప అతని దగ్గర ఇంకేమీ లేదు. పక్కకు చూశాడు. సత్యవతి అతన్నే చూస్తోంది. పడవకు తలుపు కథ రెండుసార్లు విన్న మనిషి. ఎవరు వద్దన్నారో, ఎవరు వినలేదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పు, అన్నట్టు చూసింది.

కోటయ్య నోరు మూసుకున్నాడు. తన మీద తనకు ఇంత అసహ్యం పుట్టగలదని అతనికి ఆ వేళ దాకా తెలియదు.

సత్యవతి చెప్పులు విడిచింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, బురదలోంచి నడిచి నీళ్ళలోకి దిగింది. "ఇటివ్వండి బాబుగారూ, నేను పిండుతాను," అని శివరామకృష్ణ చేతిలోంచి దిండు అందుకుంది.

ఇంద్రజ ఫోను సంచిలో వేసుకుని కోటయ్య పక్కకు వచ్చి, ఊరడింపుగా అంది. "మీరేం చేస్తారు పాపం, ఆయన వినకపోతే? మీ పనితనం మాకు తెలీదా? అసలు మిమ్మల్ని కలవాలనే అనుకుంటున్నా. మా అమ్మాయి గదిలో ఒక వార్డ్‌రోబ్ చెయ్యాలి, గోడ మొత్తం. ఎప్పుడొస్తారు?"

నీళ్ళలో ఇద్దరూ వంగి ఆఖరి దిండు కోసం వెతుకుతున్నారు. కోటయ్య వాళ్ళకు వీపు తిప్పాడు.

"అరలెన్ని కావాలండీ?" అన్నాడు.