జరీ చుట్టిన బండి

అంబదాస్ అడగకముందే సలహా ఇచ్చే మనిషి. సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి, నాలాగే మరమగ్గాల మీద బతికాడు. నవాగామ్‌లో మా పక్క గదే. కరోనా వచ్చి మగ్గాలు ఆగిపోయినా ఆయన నోటికి మాత్రం సెలవు దొరకలేదు. ఎవరికి జ్వరమొచ్చినా ఆయనే వైద్యుడు, ఎవరింట్లో ఫ్యాను ఆగినా ఆయనే ఇంజనీరు.

కూతురు సంతోషి, అల్లుడు కమలాకర్ ఆయనతోనే ఉండేవారు. మగ్గం పోయాక కమలాకర్ బండి మీద మందుల పార్సిళ్లు చేరవేసే పనిలో కుదిరాడు. అతివేగానికి చలానా పడితే పనిలోంచి తీసేస్తామని కంపెనీవాళ్లు ముందే చెప్పారు. ఆ ఇంటికి అదొక్కటే సంపాదన. అందుకే వెనక ఎవరు హారన్ కొట్టినా కమలాకర్ ఎడమ పక్కగా మెల్లగా పోయేవాడు.

మామకు ఇది నామోషీ అనిపించింది. పోలీసుల స్పీడ్ గన్ రహస్యం కనిపెట్టానన్నాడు.

"గా గన్నులకెల్లి లేజర్ ఎలుగు వస్తది. బండికి తాకి మళ్ల వాపస్ పోతెనే వానికి స్పీడ్ ఎరుకైతది. ముంగట జరీ చుట్టినమనుకో, ఎలుగు చెల్లాచెదురైతది. ఇగ వానికేం దొరుకుతది? బేఫికర్‌గ పో అల్లుడా!"

సగం నిజమే. ఆ సగంతోనే కొంపలు మునుగుతాయి. రుజువు కూడా చూపించాడు మహానుభావుడు. మగ్గాల దగ్గర మిగిలిన జరీ పోగులను తన పాత స్కూటర్ హెడ్‌లైటుకూ నంబరు ప్లేటుకూ చుట్టి, ఆల్థాన్ రోడ్డు మీద పోలీసుల ముందు నుంచే అటూ ఇటూ తిరిగాడు. ఎవరూ ఆపలేదు. ఎందుకాపుతారు? ఆ స్కూటర్ నత్తనడక చూసి కుక్కలే తరమడం మానేశాయి. ఆ మాటే అంటే, "నీకేమెరుక, ఊకో!" అని కసిరాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అల్లుడి బండికీ జరీ చుట్టాడు. కమలాకర్ మొదట జంకాడు గానీ, కొన్నాళ్లకే ధైర్యం వచ్చి బండి ఉరికించసాగాడు.

ఒక మధ్యాహ్నం ఆల్థాన్ దగ్గరే ఆపేశారు. గన్ తీసిన ఫోటోలో వేగం, నంబరు, మధ్యలో ధగధగలాడే జరీ. ఎండకు అది మెరుస్తుంటే గురి పెట్టడం ఇంకా సులువైందని పోలీసు మెచ్చుకున్నాడట కూడా! ఆ సాయంత్రమే పని పోయింది.

అంబదాస్ ముఖం ఎలా ఉందో చూద్దామనే వెళ్లాను. గడప మీద కూర్చుని, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, జరీ పోగును గోటితో గీకి చూపించాడు.

"నకిలీ మాల్ ఇది. అసలు వెండి జరీ అయితే వాని తాత గూడ పట్టకపోవు."

లోపల కమలాకర్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. సంతోషి గుమ్మం దాకా వచ్చింది.

"బాపూ, ఆయన చలానాకు భయపడి మెల్లగ పోతుండె. గా భయమే మాకింత బువ్వ పెడుతుండె. నువ్వు దాన్నే తీసేసినవ్."

నవ్వడానికి వెళ్లినవాణ్ణి, చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.