సొరుగులోని ముఖం

నిన్న మా కోడలు, ఎప్పుడో పోయిన మా అత్తగారి ఫోటోను ఫోనులో పెట్టి, ఆవిడ చేత కళ్లార్పించి నవ్వించి చూపిస్తే పిల్లలంతా చప్పట్లు కొట్టారు గానీ, నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. నీ తెలివి తెల్లారినట్టే ఉంది, ముందది తీసెయ్యమ్మా అని కసురుకున్నాను.

డెబ్బైల్లో బెజవాడ గవర్నరుపేటలో మా మావయ్య ఒక వారపత్రిక నడిపేవారు. పెళ్లి కుదిరేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని నేను అక్కడ అచ్చుకు సీసపు అక్షరాలు కూర్చేదాన్ని. ఫోటో అచ్చువేయాలంటే జింకురేకు మీద ఆ బొమ్మ చెక్కించి బ్లాకు చేయించాలి, అది ఖర్చుతో పని. అందుకని వాడేసిన బ్లాకులన్నీ ఒక సొరుగులో దాచి, ఎవరి ఫోటో దొరక్కపోయినా పోలిక దగ్గరగా ఉన్న ముఖం తీసి వేసెయ్యడం మా ఆఫీసు ఆచారం. ఎవరు పోల్చుకుంటారు లెద్దూ అనేవారు మావయ్య.

ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమ నుంచి ఒక రైతు వచ్చాడు. భార్య కొట్టుకుపోయింది, శవం దొరకలేదు గనుక బతికే ఉందని అతని నమ్మకం. ఇల్లే పోయాక ఇంక ఫోటో ఎక్కడిది? ముక్కుపుడక, పెద్ద బొట్టు, కోలమొహం అని అతను చెప్పుకుపోతుంటే నేను సొరుగు వెతికి, రెండేళ్ల కిందట వర్ధంతి ప్రకటనకు వేసిన ఒకావిడ బ్లాకు తీసి, తప్పిపోయినవారి శీర్షిక కింద పెట్టేశాను. పత్రిక చేతికిస్తే చాలాసేపు చూసి, "మా ఆడమనిషి అచ్చం ఇట్టాగే ఉంటదమ్మా" అని కళ్లకద్దుకున్నాడు. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఊరూరా తిరిగాడట పాపం.

మూడు నెలలకు, మిట్టమధ్యాహ్నం, అతను గుమ్మంలో నిలబడి "దొరికిందండీ!" అని కేకేశాడు. వెనక ఒకావిడ. నా చేతిలో అక్షరాలు జారి కింద పడ్డాయి. అదే ముక్కు, అవే కళ్లు. ఏ మనిషి వర్ధంతి నా చేత్తో అచ్చుకు కూర్చానో ఆ మనిషే చీర కట్టుకుని నడిచొచ్చి నిలబడింది. గన్నవరం దగ్గర రైసుమిల్లు అరుగు మీద కూర్చుని ఉంటే ఫోటో చూసినవాళ్లు గుర్తుపట్టారట, భయానికి మాట పడిపోయిందట. అతను మావయ్యకు దణ్ణాలు పెడుతుండగా ఆవిడ నా దగ్గరికి వచ్చి, చల్లటి చేత్తో నా మణికట్టు పట్టుకుని, అతని వైపు చూసి, మెల్లగా తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"ఏంటమ్మాయ్?" అన్నారు మావయ్య.

"ఏం లేదు మావయ్యా" అన్నాను. బ్లాకు సంగతి చెబితే అతను అక్కడే కుప్పకూలిపోతాడనిపించింది. అబద్ధమెందుకు, పత్రిక పరువు, నా పరువు కూడా గుర్తొచ్చాయి. అతను ఆవిడ చెయ్యి పట్టుకుని అవనిగడ్డ బస్సు కోసం తీసుకెళ్లిపోయాడు. మలుపు తిరిగేదాకా ఆవిడ వెనక్కి తిరిగి నన్నే చూసింది.

పత్రిక ఆగిపోయి ఎన్నాళ్లో అయింది, సీసపు అక్షరాలు తూకానికి పోయాయి. ఇప్పుడు మనిషి తప్పిపోతే గంటలో అసలు ఫోటో జిల్లా అంతా తిరుగుతుంది, మంచిదే. అప్పట్లో వారానికోసారి వచ్చే మా కాగితాన్ని జనం దేవుడి మాటలా నమ్మేవారు. పోయినవాళ్లు లేచి రారు కదా, ఏదో పోలికే అయ్యుంటుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. ఆ వెంటనే అంతకంటే పెద్ద భయం పట్టుకుంటుంది. పోలికే అయితే, మరి ఆవిడ సొంత మనుషులు ఆవిడ కోసం ఎన్నేళ్లు వెతికారో!